దేశోద్ధారకుని వ్యాపారనీతి

శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే ఇంటికి వెళ్లి ఒక పూట కూర్చుంటే చాలు, విద్య అనేది పుస్తకం లేకుండ ఎట్లా సంక్రమిస్తుందో కంటికి కనబడుతుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం, ఏకులు చుట్టడం, రాట్నంమీద సన్నని నూలు తీయడం తల్లి చేస్తూ ఉంటే కూతురు చూచి నేర్చుకుంటుంది. అత్త చేస్తూ ఉంటే కోడలు నేర్చుకుంటుంది. బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో ఒకే పనసమానును తొలిచి ఏకాండి వీణ చేసే సర్వసిద్ధివారి ఇండ్లలోను ఇంతే. బూడితిలో కంచు, ఇత్తడి పాత్రలు చేసేవారి కొలుముల దగ్గరా ఇంతే. తండ్రి చేతి వాటం కుమారుని చేతికి వస్తుంది. పాఠం చెప్పినట్లు ఎవరికీ తెలియదు; నేర్చుకున్నట్లు మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఐతే ఒక సందేహం. పనితనం ఇట్లు తరతరాలుగా దిగివస్తున్నది గాని, ఆ సరుకును పదిమంది దగ్గరకు చేర్చే నేర్పు దిగివస్తున్నదా? పొందూరు బట్ట కట్టుకొన్నవానికి వడికిన ఇల్లాలి పేరు తెలియదు. వీణ వాయించే విద్వాంసుని పేరు సభలో మారుమ్రోగుతుంది. చేసిన వడ్రంగి పేరు ఎవరూ అడగరు. సరుకు తయారుచేయడం ఒక విద్య, దానికొక పేరు పెట్టి, ఆ పేరుకు పరువు నిలిపి, లాభాన్ని మంచి కార్యానికి మళ్లించి, ఆ పద్ధతినంతటినీ తన తర్వాతివారికి అప్పగించడం మరొక విద్య. ఈ రెండవ విద్య వారసత్వంగా దిగగలదా? దిగితే అందులో ఏది దిగుతుంది, ఏది దిగదు?

దీనికి సమాధానంగా నిలువగల తెలుగువాని జీవితం ఒకటి ఉన్నది. దానికోసం మన జిల్లాల పొలిమేర దాటి కృష్ణాతీరానికి, అక్కడినుండి బొంబాయికి వెళ్లవలసి ఉన్నా, మనం వెళ్లేది పరాయి ఇంటికి కాదు. ఆయన తయారుచేసిన పసుపుపచ్చని లేపనపు సీసా శ్రీకాకుళంలోను, విజయనగరంలోను ఎన్ని ఇండ్ల గూళ్లలో ఉన్నదో లెక్కపెట్టలేము. ఆయన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

పంతులుగారు 1867వ సంవత్సరం మే 1వ తేదీన కృష్ణాజిల్లాలోని ఎలకుర్రు గ్రామంలో బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించారు. స్వగ్రామంలో అక్షరాభ్యాసమై, మచిలీపట్నంలో చదువు సాగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులైనారు. ఆ కళాశాలకు విలియం మిల్లరు దొర ప్రధానాచార్యులుగా ఉన్న రోజులవి. ఒకవంక మిల్లరు బోధన, మరొకవంక కందుకూరి వీరేశలింగం పంతులుగారి రచనలు ఆనాటి యువకుల మనస్సులను కదిలిస్తున్నవి. నాగేశ్వరరావుగారి మనస్సుకూడ ఆ రెంటి మధ్యనే రూపు దిద్దుకొన్నది.

ఆ కాలంలో పట్టం పుచ్చుకొన్న తెలుగు యువకునికి త్రోవ ముందే వేసి ఉండేది. కలెక్టరు కచ్చేరీలో ఉద్యోగమో, న్యాయవాద వృత్తియో, బడిపంతులు పనియో చూచుకొనేవారు. వర్తకమనేది చదువు అబ్బనివారి పనియని, కొన్ని కులాల సొత్తని లోకం అభిప్రాయం. పంతులుగారు ఆ అభిప్రాయంతో వాదులాడలేదు. దానిని పక్కన పెట్టి వ్యాపారంలోకి నడిచారు. అంతే. కాని పట్టం చేతిలో ఉన్నది గదా అని నేరుగా యజమాని పీటమీద కూర్చోలేదు. మొదట మద్రాసులో ప్రయత్నించి, పిమ్మట కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలో పనిచేస్తూ ఔషధాలు తయారుచేసే మెలకువలు పట్టుకొన్నారు. ఆ మీదట బొంబాయి చేరి అక్కడా ఒకరి కంపెనీలో పనిచేశారు. మూడు మహానగరాలలో ఇతరుల కొట్లలో నిలబడి సరుకు ఎట్లా వస్తుంది, ఎట్లా పోతుంది, రొక్కం ఎక్కడ చిక్కుకుంటుంది అనేది కళ్లారా చూచిన తరువాతనే సొంత పనికి పూనుకొన్నారు. గొల్లపల్లి వడ్రంగి పిల్లవాడు ముందు పొట్టు ఊడ్చి, ఉలి నూరి, తరువాత మాను ముట్టుకొన్నట్లే, ఈ పట్టభద్రుడు కూడ శిష్యరికంతోనే ప్రారంభించాడు.

1893లో బొంబాయిలో అమృతాంజనం పుట్టినది. కర్పూరం, పుదీనా సత్తు, నీలగిరి తైలం వంటి ఘాటైన ద్రవ్యాలు కలిపిన లేపనం అది. తలనొప్పికి, ఒళ్లునొప్పులకు, పడిశానికి పైపూతగా పనికివస్తుంది. ఆ సరుకును ఎన్నుకొనడంలోనే పంతులుగారి దూరదృష్టి తెలుస్తుంది. పెద్ద యంత్రాలు అక్కరలేదు, కనుక కొద్దిపాటి మూలధనం చాలును. సీసా చిన్నది, బరువు తక్కువ. రైలుమీద ఎంత దూరమైనా తక్కువ ఖర్చుతో పోతుంది. త్వరగా చెడిపోదు గనుక పల్లెటూరి అంగడిలో నెలల తరబడి ఉన్నా నష్టం లేదు. అన్నిటికంటె ముఖ్యంగా, తలనొప్పి రాని ఇల్లు దేశంలో లేదు. ధనికుడు, దరిద్రుడు అనే తేడా లేకుండ అందరికీ అవసరమైన వస్తువును, అందరూ కొనగల ధరకు అందించినవానికి దేశమంతా అంగడియే.

పేరు పెట్టడంలోను అంత ఆలోచనే ఉన్నది. అమృతమన్నా, అంజనమన్నా తెలియని భారతీయ భాష లేదు. తెలుగువాడు బొంబాయిలో తయారుచేసిన సరుకును గుజరాతీలు, మరాఠీలు, వంగీయులు, తమిళులు ఎవరి నోటితో వారు సునాయాసంగా పలుకగలిగారు. పరదేశపు మందుల పేర్లు నోరు తిరగక జనం తికమకపడే రోజులలో ఈ పేరు దానంతట అదే ప్రయాణం చేసినది.

ఐనా కొత్త మందును ఎవరు నమ్ముతారు? పంతులుగారు సంగీత సభలకు, జనం గుమిగూడే చోట్లకు వెళ్లి లేపనాన్ని ఉచితంగా పంచిపెట్టారు. ఇది దానధర్మం కాదు, లెక్క తెలిసిన పని. నుదుట రాసుకొన్న క్షణాలలో చల్లదనమో, చురుకో తెలిసే సరుకు అది. దాని గుణాన్ని మాటలతో వర్ణించడంకంటె వ్రేలికొసన ఇంత ఇచ్చి చూడమనడం మేలు. సభలో పక్కవాడు రాసుకొంటే ఆ వాసన నాలుగు వరుసలు వ్యాపిస్తుంది, అదే ప్రకటన. ముందు ఇచ్చి, తరువాత అడగడమనే ఈ పద్ధతి ఆయన జీవితమంతటా కనబడుతుంది. అమృతాంజనం ప్రచారంలోకి వచ్చి ఆయనను ధనవంతుని చేసినది. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవారి సామెత. పంతులుగారు మాత్రం రచ్చ గెలిచి, ఆ గెలుపును ఇంటికి తెచ్చారు.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే ఆయన లక్షాధికారులలో ఒకరుగా మిగిలి ఉండేవారు. 1905లో వంగదేశ విభజనతో స్వదేశీ ఉద్యమం చెలరేగింది. స్వదేశీ వస్తువులే కొనవలెనని దేశం ప్రతిజ్ఞ పట్టకముందు పన్నెండేండ్లనాడే స్వదేశీ వస్తువును తయారుచేసి నిలబెట్టిన వ్యక్తి పంతులుగారు. 1907లో సూరతు కాంగ్రెసుకు వెళ్లినపుడు అక్కడ ఆంధ్రనాయకులతో కలిసి మాట్లాడిన మీదట, తెలుగువారి మాట వినిపించడానికి తెలుగులో బలమైన పత్రిక ఒకటి అవసరమనే నిశ్చయానికి వచ్చారు. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడినది.

మరాఠీ, గుజరాతీ భాషల నడుమ తెలుగు పత్రిక నడపడమంటే సామాన్యమైన పని కాదు. తెలుగు అక్షరాలు కూర్చగలవారు కావలెను, దిద్దగలవారు కావలెను, అచ్చయిన ప్రతి వందల మైళ్లు ప్రయాణం చేసి పాఠకుని చేరవలెను. ఈ భారమంతా మోసినది ఆ చిన్న సీసాయే. అమృతాంజనంమీద వచ్చిన లాభం ఆంధ్రపత్రికకు ఊపిరి పోసినది. ఆంధ్రపత్రికతో పంతులుగారి పేరు తెలుగు ఇండ్లకు చేరగా అమృతాంజనానికీ ఆ ఇండ్లలో చోటు దొరికినది. ఒక చేయి మరొక చేతిని కడిగినట్లు రెండు సంస్థలు ఒకదానికొకటి ఆదరువైనవి.

1914 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా అవతరించినది. నాలుగు నెలలు తిరగకముందే ఐరోపాలో మహాయుద్ధం ఆరంభమైనది. యుద్ధవార్తల కోసం జనం ఆత్రపడుతున్నారు. మరొకవంక కాగితానికి కరవు వచ్చినది. గిరాకీ పెరిగిన సమయానికే ఖర్చు కూడ పెరిగినది. కేవలం లాభనష్టాలే చూచుకొనే వర్తకుడైతే కొంతకాలం ఆగి చూచేవాడు. పంతులుగారు ఆగలేదు. తెలుగు దినపత్రికంటే ఆంధ్రపత్రికయే అనే ఖ్యాతి ఆ సంవత్సరాలలోనే స్థిరపడినది.

ఆ తరువాత ఆయన చేసిన పనులను లాభపు ఖాతాలో వ్రాయడానికి చోటు దొరకదు. 1924లో భారతి మాసపత్రికను ప్రారంభించారు. తెలుగులో సాహిత్యం, చరిత్ర, శాసనాలు, భాష అనే విషయాలపై లోతైన వ్యాసం వ్రాయదలచిన పండితునికి, కొత్త కథ చెప్పదలచిన యువకునికి ఒకే వేదిక ఏర్పడినది. 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పి, తాళపత్రాలలో మగ్గుతున్న ప్రాచీన గ్రంథాలను పరిష్కరింపజేసి తక్కువ వెలకు అందించారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో ఆగిపోగా, దానిని మరల చేపట్టి సంపుటాలు వెలువరించిన భారం పంతులుగారిదే. గ్రంథాలయోద్యమానికి, విద్యార్థులకు, రచయితలకు ఆయన చేసిన సహాయానికి మేర లేదు. ఎముక లేని చేయి అన్నమాట ఆయనపట్ల అక్షరాలా నిజమైనది. దేశోద్ధారకుడని, విశ్వదాత అని లోకం పిలిచినది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లో కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించినది.

దాతృత్వమూ, వర్తకమూ ఒకరిలో ఇమడవని కొందరంటారు. పంతులుగారి విషయంలో గమనించవలసినదేమనగా, ఆయన దానం వల్ల మందు నాణ్యత తగ్గలేదు, ధర పెరగలేదు. ఒక ఖాతాలోని ఔదార్యానికి మరొక ఖాతాలోని కొనుగోలుదారుచేత సుంకం కట్టించలేదు. సీసా కొన్న కూలివానికి చెల్లించిన పైకానికి సరిపడ మందు దక్కినది; మిగిలిన లాభంలోనుండే గ్రంథం అచ్చయినది. ఆయన వ్యాపారనీతి అంతా ఈ ఒక్క సూత్రంలో ఉన్నది.

ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసుకు అధ్యక్షులుగా పనిచేస్తూ, ఉప్పు సత్యాగ్రహపు రోజులలో చెరసాలకు కూడ వెళ్లారు. అక్కడ భగవద్గీతకు తెలుగులో వ్యాఖ్యానం వ్రాశారు. యజమాని చెరసాలలో ఉన్నా వ్యాపారం నిలిచిపోలేదు. ఒక మనిషి కనుసన్నలలో మాత్రమే నడిచే వ్యాపారం ఆ మనిషి లేని నాడు కూలుతుంది. అట్లు కూలకపోవడమే, ఆయన పనిని ఇతరుల చేతికి నేర్పి ఉంచారనడానికి సాక్ష్యం. 1936లో అమృతాంజనాన్ని లిమిటెడు కంపెనీగా ఏర్పాటుచేశారు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు డెబ్బది. తాను పుట్టించిన సరుకును తన దేహంతో ముడివేయక, వేరొక నిలుకడ గల రూపం ఇచ్చి విడిచిపెట్టారు.

1937 నవంబరు 16వ తేదీన మద్రాసులోని ఆయన నివాసమైన శ్రీబాగులో కోస్తా, రాయలసీమ నాయకులు సమావేశమై, రాబోయే ఆంధ్రరాష్ట్రంలో ఒకరికొకరు ఏ హామీలు ఇచ్చుకొనవలెనో నిర్ణయించుకొన్నారు. విశ్వవిద్యాలయం, నీటిపారుదల, రాజధాని, హైకోర్టు విషయాలపై కుదిరిన ఆ అంగీకారమే శ్రీబాగు ఒడంబడికగా చరిత్రకెక్కినది. ఆ తర్వాత అయిదు నెలలు కూడ నిండకముందే, 1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు స్వర్గస్థులైనారు. తాను కోరిన ఆంధ్రరాష్ట్రాన్ని ఆయన చూడలేదు. అది 1953లో ఏర్పడినది.

ఇక వారసత్వం సంగతి. మందు, పత్రిక, గ్రంథమాల అనే మూడు బాధ్యతలూ ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారిమీద పడినవి. మందును నడిపితే చాలునని, అచ్చు పనిని మెల్లగా వదిలించుకొంటే తప్పుపట్టేవారు లేరు. కాని మామగారు పోయిన మరుసటి సంవత్సరమే, 1939లో, పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర ఆంధ్ర గ్రంథమాలలో వెలువడినది. దానిని పరిష్కరించిన చిలుకూరి నారాయణరావుగారు మన పొందూరు సమీపంలోని ఆనందపురంలో పుట్టినవారు. సన్నని నూలు తీసే ఊరి పక్కన పుట్టిన పండితుడు చిక్కుపడిన ప్రాచీన పాఠాన్ని పోగు పోగుగా విడదీసి ఇవ్వగా, బొంబాయిలో పుట్టిన ఒక తలనొప్పి మందు దానికి అచ్చు ఖర్చు పెట్టుకొన్నది. ఉత్తరాంధ్రకు, ఆ కుటుంబపు వ్యాపారానికి ఇంతకంటె అందమైన బంధుత్వం మరొకటి చూపలేము. శంభుప్రసాదుగారు 1972లో మరణించేవరకు ఆ సంప్రదాయాన్ని నిలిపినారు.

ఐతే వారసత్వంగా దిగనిది కూడ ఒకటి ఉన్నది. 1974లో విశాఖపట్నంలో ఈనాడు దినపత్రిక పుట్టినది. దూరపు ఊళ్లలో అచ్చయి పగటిపూట చేరే పత్రికలకు అలవాటుపడిన ఉత్తరాంధ్ర పాఠకునికి తెల్లవారేసరికి గుమ్మంలో పత్రిక దొరకడం మొదలైనది. సరుకును కొనేవాని దగ్గరకే తీసుకొని వెళ్లవలెననేది ఎనభై ఏండ్లనాడు నాగేశ్వరరావు పంతులుగారు సంగీత సభలలో అమలుపెట్టిన సూత్రమే. ఆ సూత్రాన్ని ఈసారి మరొకరు పాటించారు. ఇదొక్కటే కారణమని అనలేము గాని, పాత పత్రికలకు కాలం కఠినమైనది. 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయినది. భారతి కూడ నేడు లేదు. అమృతాంజనం మాత్రం ఉన్నది. నాలుగు తరాల జనం నుదుళ్లమీద రాసుకొన్న ఆ పసుపుపచ్చని లేపనాన్ని నేటికీ ఆ కుటుంబీకుల సారథ్యంలోని కంపెనీయే తయారుచేస్తున్నది.

పోషించిన సీసా మిగిలినది, పోషింపబడిన పత్రిక పోయినది. దీనిని పంతులుగారి ఓటమి అనవలెనా? ఆలోచించి చూస్తే అది మనకు పాఠం. యోగాన్ని, తయారీ పద్ధతిని, పేరును, పరువును ఒక తరం మరొక తరానికి అప్పగించగలదు. ఏ కార్యానికి లాభం ఖర్చుపెట్టవలెనో కూడ నేర్పగలదు. కాని కాలం మారినపుడు మళ్లీ మొదటినుండి వెళ్లి, కొనేవాని గుమ్మంలో నిలబడి, వానికేమి కావలెనో తెలుసుకొనే చొరవ మాత్రం ప్రతి తరమూ స్వయంగా సంపాదించుకొనవలసినదే. కూర్చుండి తింటే కొండలైనా కరుగుతాయన్న మాట ఆస్తికే కాదు, పేరుకు కూడ వర్తిస్తుంది. మరొక సంగతి కూడ ఉన్నది. ఒక వ్యాపారం మరొక సంస్థను కొంతకాలం ఎత్తుకొని మోయవచ్చును, ఎల్లకాలం మోయలేదు. చంకలోని బిడ్డ ఎప్పటికైనా నేలమీద నడక నేర్వవలసినదే.

మన పాఠశాలలలో చదువుతున్నవారిలో నేతగాండ్ల బిడ్డలున్నారు, వడ్రంగుల బిడ్డలున్నారు, కంచరివారి బిడ్డలున్నారు. చదువు వచ్చినది గనుక ఇంటి పనిని మరచిపోవలెనని వారికి మనం తెలిసో తెలియకో బోధిస్తున్నాము. నాగేశ్వరరావు పంతులుగారు పట్టం పుచ్చుకొని కూడ మందు నూరడానికి సిగ్గుపడలేదు. మందు అమ్ముకొని కూడ తెలుగు గ్రంథాన్ని మరచిపోలేదు. ఈ జీవితాన్ని తరగతిలో చెప్పేటప్పుడు తేదీలతోను, బిరుదులతోను ముగించక, పిల్లలను ఒక ప్రశ్న అడగడం మంచిది: మీ ఇంటిలో తయారయ్యే వస్తువు ఏది? దానిమీద మీ ఇంటివారి పేరు ఉన్నదా? లేకపోతే, ఆ పేరు నిలబెట్టడానికి ఏమేమి నేర్చుకొనవలెను?